పాత మిలిటరీ లారీతో దిగబడిన బండిని లాగడం ఎలా?

కార్తీకంలో వాయుగుండం పట్టిందంటే ఫోన్లు మొదలు. “అన్నా, రొయ్యల గుంట కట్ట మీద మేత లారీ దిగబడింది, మన శక్తిమాన్ లాగుద్దా?” అని ఇందుకూరుపేట వైపు నుంచి ఒకరు. “రేగట్లో ట్రాక్టరు కూరుకుపోయింది, ఫ్రంటు గేరు ఎప్పుడెయ్యాలి?” అని దర్శి వైపు నుంచి ఇంకొకరు. (ఫ్రంటు గేరు అంటే ముందు చక్రాలకు కూడా ఇంజన్ బలం అందించేది.) అడిగేది అందరూ ఒకటే కాబట్టి ఒకచోట రాసిపెడుతున్నాను.

మిలిటరీ బండి అంటే మన దగ్గర ఎక్కువగా మూడే. జర్మనీ మాన్ కంపెనీ లైసెన్సుతో జబల్పూరులో చేసిన శక్తిమాన్ ఒకటి, నిస్సాన్ లైసెన్సుతో అక్కడే చేసిన వన్ టన్, జోంగా మిగతా రెండు. మూడింటి తయారీ ఆగిపోయి పాతికేళ్లు దాటింది. వేలంలో బయటికొచ్చి, చేతులు మారి మారి మీ దాకా వచ్చి ఉంటాయి. “మిలిటరీది గదా, దేన్నైనా లాగుద్ది” అనే నమ్మకం కూడా వాటితోపాటే వస్తుంది. ఆ నమ్మకంతోనే మోకులు తెగుతున్నాయి, కాళ్లు విరుగుతున్నాయి. ఇంజన్‌లో ఎంత బలమున్నా, బండి లాగగలిగేది టైరుకు నేల మీద ఉన్న పట్టు మేరకే. కింద చెప్పేదంతా ఈ ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది.

ముందు కాగితాలు

ఆర్మీ నంబరుతో ఊళ్లో తిరగడం కుదరదు. వేలం కాగితాలతో ఫారం 20 పెట్టి సివిల్ రిజిస్ట్రేషన్ చేయించాలి. ఇంజన్ మార్చి ఉంటే అది ఆర్‌సీలో ఎక్కాలి. జోంగా, వన్ టన్‌లలో వచ్చింది దాదాపు 4 లీటర్ల పెట్రోలు ఇంజన్. అది తాగే పెట్రోలు భరించలేక చాలామంది డీజిల్ ఇంజన్ పెట్టించారు, కొనేటప్పుడు ఇది తప్పకుండా చూడండి. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ గురించి చాలామంది అడుగుతున్నారు. అది 50 ఏళ్లు దాటిన బైకులకు, కార్లకు. ఆ నంబరుతో రోజువారీ పని గానీ కిరాయి గానీ చేయకూడదు. లారీతో పని చేసుకోవాలంటే అది మీ దారి కాదు.

ఇంకొకటి, రంగు. కేంద్ర మోటారు వాహనాల నిబంధన 121 ప్రకారం ఆ ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ బండ్లకే. ముచ్చటగా ఉందని అలాగే ఉంచేస్తున్నారు. మార్చేయండి.

దగ్గర ఉండాల్సినవి

- 16 మిల్లీమీటర్ల వైరు రోపు, రెండు చివర్లా కట్టుడు కన్నుతో (కొస మడిచి బిగించిన ఉంగరం). కొత్తది 14 టన్నుల దగ్గర తెగుతుంది. మీరు మాత్రం అందులో మూడో వంతుకు మించి నమ్మకండి.
- చెట్టుకు, ఛాసీకి చుట్టడానికి రెండు పాలిస్టర్ బెల్టులు. ఎరుపు బెల్టు అంటే 5 టన్నులు, పసుపు అంటే 3. లేబులు చిరిగిపోయిన బెల్టు కొనకండి.
- ఎన్ని టన్నులు మోస్తుందో అచ్చేసి ఉన్న డి-షాకిళ్లు (పిన్నుతో మూసే ఇనప కొండీలు) నాలుగు. వాటి పిన్నులు వాటికే ఉండాలి. పిన్ను పోయిందని మామూలు బోల్టు దూర్చడం మన దగ్గర బాగా ఉన్న అలవాటు. ఆ బోల్టు వంగుతుంది, వంగాక తెగుతుంది.
- ఒక కప్పీ. పక్క తెరుచుకునే రకమైతే మంచిది.
- పారలు రెండు, మందపు చెక్కలు, చక్రాల కింద అడ్డుపెట్టే దిమ్మలు నాలుగు.
- నాలుగైదు గోనెసంచులు, తోలు చేతి తొడుగులు.
- గాలి గేజి.

పడవలకు కట్టే ప్లాస్టిక్ మోకు జువ్వలదిన్నెలోనూ కొత్తపట్నంలోనూ ప్రతి ఇంట్లో దొరుకుతుంది. దాన్ని లారీకి కట్టకండి. ఎండకు లోపల పీచు చచ్చిపోయి ఉంటుంది, పైకి తెలియదు.

1. బయలుదేరే ముందు

ఇంజన్ ఆయిలు అందరూ చూస్తారు. ట్రాన్స్‌ఫర్ కేసులో (ముందు వెనక చక్రాలకు బలం పంచే గేర్ల పెట్టె), ముందు వెనక హౌసింగుల్లో (ఇరుసు గేర్లుండే గుల్లలు) గేరాయిలు ఎవరూ చూడరు. ఏడాదికోసారి ఫ్రంటు గేరు వేసే బండిలో ముందు హౌసింగు ఎండిపోయి ఉండటం మామూలే. లెవెల్ ప్లగ్గు విప్పి వేలు పెట్టండి, ఆయిలు అంటాలి.

టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. బటన్ (టైరు మీది గళ్ల మందం) ఎంత మిగిలి ఉన్నా పదేళ్లు దాటి పగుళ్లున్న టైరును బరువు పనికి వాడకండి.

చక్రం విప్పేవాళ్లకు హెచ్చరిక. ఈ బండ్లలో కొన్నింటికి లాక్ రింగు చక్రాలు, కొన్నింటికి రెండు ముక్కలు బోల్టులతో బిగించిన రిమ్ములు ఉంటాయి. రెండు ముక్కల రిమ్ములో నట్లు రెండు వరసలు. ఒక వరస చక్రాన్ని హబ్బుకు పడుతుంది, రెండోది రిమ్మునే కలిపి ఉంచుతుంది. గాలి ఉండగా ఆ రెండో వరస విప్పితే రిమ్ము పేలుతుంది, ఎదురుగా ఉన్న మనిషి మిగలడు. వాల్వు పిన్ను తీసి గాలి పూర్తిగా వదిలాకే పానా పెట్టండి. కారు టైర్లు చేసే కుర్రాడికి ఇలాంటి చక్రం అప్పగించకండి.

బ్యాటరీలు రెండు, కలిపి 24 వోల్టులు. ట్రాక్టరువి 12 వోల్టులు. స్టార్టు కాలేదని ట్రాక్టరు నుంచి వైర్లు లాగితే పని జరగదు, పైగా ట్రాక్టరు కరెంటు భాగాలు కాలతాయి. 24 వోల్టుల లారీ నుంచే తీసుకోండి.

2. దారిలో

గేర్లు గరగరమంటుంటే లివరు మీద కోపం తెచ్చుకోవద్దు, డబుల్ క్లచ్ నేర్చుకోండి. పై గేరుకు వెళ్లేటప్పుడు క్లచ్ తొక్కి న్యూట్రల్, క్లచ్ వదిలి మళ్లీ తొక్కి గేరు. కింది గేరుకు దిగేటప్పుడు న్యూట్రల్‌లో క్లచ్ వదిలాక కొంచెం యాక్సిలరేటరు ఇచ్చి, మళ్లీ క్లచ్ తొక్కి గేరు. ఖాళీ రోడ్డు మీద ఒక పూట తిప్పితే చేతికి వస్తుంది.

ఫ్రంటు గేరు తారు రోడ్డు మీద వేయకూడదు. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరగాలి. బురదలోనైతే టైరు జారి ఆ తేడా సర్దుకుంటుంది, తారు మీద జారదు కాబట్టి ఆ మెలి అంతా ఇరుసులకు బలం తీసుకెళ్లే జాయింటు రాడ్లు, వాటి క్రాసుల మీద పడుతుంది. మట్టి మొదలయ్యే చోట ఆగి, స్టీరింగు నిటారుగా పెట్టి, అప్పుడు వేయండి. దిగబడ్డాక వేయడం అందరూ చేసే పొరపాటు. బురదలోకి దిగకముందే వేయాలి. బయటికొచ్చాక లివరు ఊడకపోతే సుత్తి అక్కర్లేదు. నాలుగు గజాలు తిన్నగా రివర్సు చేయండి, మెలి విడిపోయి దానంతటదే వస్తుంది.

గిద్దలూరు–నంద్యాల ఘాట్‌లో గానీ, దోర్నాల నుంచి శ్రీశైలం దారిలో గానీ దిగేటప్పుడు, ఎక్కడానికి ఏ గేరు పడుతుందో ఆ గేరులోనే దిగండి. గేరు వాలు మొదలవకముందే పడాలి. సగం దిగాక మార్చబోతే న్యూట్రల్‌లో మిగిలిపోతారు, ఈ బండ్ల బ్రేకులు దాన్ని ఆపలేవు.

వాగు చప్టా మీద నీళ్లు పారుతుంటే ఆగిపోండి. మన్నేరైనా పాలేరైనా కింద రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో పైనుంచి తెలియదు. ఎత్తు బండి కదా అని దిగితే నీటి తోపుడు కూడా ఆ ఎత్తు మీదే పనిచేస్తుంది.

3. అక్కడికి చేరాక ఇంజన్ ఆపి లెక్క వేయండి

మిలిటరీ రికవరీ వాళ్లు వాడే లెక్క ఇది. టైరు మేరకు దిగబడితే లాగడానికి కావాల్సిన బలం దాదాపు ఆ బండి మొత్తం బరువంత. బురద మడ్‌గార్డుల దాకా వస్తే దానికి రెండింతలు.

ఇసుక ట్రాక్టరు తీసుకోండి. ట్రాక్టరు 2 టన్నులు, తొట్టి టన్నున్నర. ఇసుక క్యూబిక్ మీటరు దాదాపు 1.6 టన్నులు, 3 క్యూబిక్ మీటర్లుంటే 5 టన్నుల దగ్గర. మొత్తం ఎనిమిదిన్నర. మీ ఖాళీ లారీ 5 టన్నులనుకోండి. గట్టి పొడి నేల మీద దానికి దొరికే పట్టు మహా అయితే 3 టన్నులు, తడి రేగడి మీద ఒకటిన్నర కూడా కష్టం. ఎనిమిదిన్నరకు ఒకటిన్నర ఏ మూలకి? ఎంత యాక్సిలరేటరు తొక్కినా మీ బండి కూడా పక్కన దిగబడుతుంది. ఇప్పుడు ఇసుక దించేయండి, తొట్టి విడదీయండి, మిగిలింది 2 టన్నుల ట్రాక్టరు. మీ లారీని గట్టి నేల మీద నిలబెట్టి మోకు పొడుగు చేస్తే పని ఒక్క లాగుకు అయిపోతుంది.

చీమకుర్తి వైపు వాళ్లకు: గ్రానైటు క్యూబిక్ మీటరు దాదాపు 3 టన్నులు. బ్లాకు ఎక్కించిన ట్రైలరు దిగబడితే అది మీ లారీ పని కాదు, క్వారీ ఎక్స్‌కవేటరును పిలవండి.

మీ లారీలో బరువు వేస్తే పట్టు పెరుగుతుంది. దించిన ఇసుకలో కొంత మీ బండిలోకే ఎత్తుకోవచ్చు.

4. తవ్వండి

దీన్ని దాటేసేవాళ్లే ఎక్కువ. అరగంట పార పని చేస్తే లాగాల్సిన బలం సగానికి పడిపోతుంది. ప్రతి చక్రం ముందూ వాలుగా తవ్వండి, హౌసింగు కింద ఆనుకున్న మట్టి తీసేయండి, చెక్కలు పరవండి. సుద్ద నేలల్లో చక్రం చుట్టూ మట్టి పీల్చి పట్టుకుంటుంది. గడ్డపారతో పక్కన కన్నం చేసి గాలి దూరనివ్వండి.

ఎటు లాగాలి? వచ్చిన దారినే వెనక్కి. ఆ గాడి అప్పటికే అణిగి ఉంటుంది. ముందుకు లాగితే కొత్త బురద తొక్కాలి. యజమాని మాత్రం ప్రతిసారీ ముందుకే లాగమంటాడు.

మైపాడు, కొత్తపట్నం ఇసుకలో సంగతి వేరే. అక్కడ తవ్వే ముందు రెండు బండ్లకూ టైర్లలో గాలి మూడో వంతు తగ్గించండి. టైరు వెడల్పై పైకి తేలుతుంది, చాలాసార్లు మోకు లేకుండానే వచ్చేస్తుంది. తారు రోడ్డెక్కగానే గాలి నింపాలి. తక్కువ గాలితో హైవే మీద వెళితే టైరు లోపల కాలి చీలుతుంది.

5. కొక్కెం ఎక్కడ?

ఛాసీకి బిగించిన టోయింగు కొక్కేనికి, లేదా ఛాసీ చుట్టూ బెల్టుకు. బంపరుకు కాదు. ముందు చక్రాలను కలిపే టై రాడ్డుకు అసలే కాదు. కమాన్ పట్టీలకు, బ్రేకు పైపులు ఆనుకున్న చోట్లకు వద్దు. మీ లారీ వెనక పింటిల్ కొక్కెం (పైన నాలుకతో మూసుకునే టోయింగు కొక్కెం) ఉంటుంది. దాని నాలుక మూసుకుని, సేఫ్టీ పిన్ను పడిందో లేదో వేలితో చూడండి. ఒకే కొక్కేనికి రెండు కాళ్ల బెల్టు వేస్తే ఆ రెండింటి మధ్య కోణం చిన్నగా ఉండాలి. అది 120 డిగ్రీలకు తెరుచుకుంటే సగం బరువు కాదు, ఒక్కో కాలూ మొత్తం బరువు మోస్తుంది.

లారీ చాలకపోతే ట్రాక్టరును తోడు కడతారు. అప్పుడు మోకు ట్రాక్టరు కింది డ్రాబారుకే కట్టాలి. పైన పనిముట్లు తగిలించే టాప్ లింకు దగ్గర కడితే ముందు చక్రాలు లేచి ట్రాక్టరు వెనక్కి తిరగబడుతుంది, డ్రైవరుకు దూకే వ్యవధి ఉండదు.

6. రోపు, క్లిప్పులు

వైరు రోపు కన్ను ఊడి క్లిప్పులతో కట్టాల్సి వస్తే మూడు బుల్‌డాగ్ క్లిప్పులు, నాలుగేసి అంగుళాల ఎడంలో. గాళ్లున్న దిమ్మ బరువు పట్టే పొడుగు తాడు వైపు, యు బోల్టు మడిచిన పొట్టి కొస వైపు ఉండాలి. మన షెడ్లలో ఒకటి ఇటు, ఒకటి అటు మార్చి మార్చి వేయడం చూస్తుంటాను. యు బోల్టు పొడుగు తాడును నలిపేస్తుంది, తెగితే అక్కడే తెగుతుంది. ఎంత బాగా వేసినా క్లిప్పు కన్ను రోపు బలంలో 80 శాతమే పడుతుంది.

మెలిపడిన చోటు ఉన్నా, పురులు పొంగినా, తెగిన తీగలు గుత్తిగా కనపడినా ఆ రోపు పందిరికి పనికొస్తుంది, బండికి కాదు.

7. జనాన్ని పంపండి

ఊళ్లో బండి దిగబడితే యాభై మంది చేరతారు, అందరూ సలహాదారులే. రోపు ఎంత పొడుగో దానికి ఒకటిన్నర రెట్లు దూరం జరగమనండి. పిల్లల్ని ఇంకా దూరం. బిగిసిన రోపు తెగితే కొరడాలా తిరిగొస్తుంది, దాని చివర ఇనప షాకిల్ ఉంటుంది. తడిపిన గోనెసంచులు రోపు మధ్యలో రెండు మూడు చోట్ల వేస్తే తెగినా కిందకు కుంగుతుంది. బిగిసిన రోపును ఎవరూ దాటకూడదు. సైగ చేసేది ఒక్కరే, ఇద్దరు డ్రైవర్లకూ కనపడే చోట నిలబడాలి.

8. లాగడం

ఫ్రంటు గేరు, ట్రాన్స్‌ఫర్ కేసు లో గేరు వేసి మొదటి గేరులో పెట్టండి. యాక్సిలరేటరు తొక్కకుండా ముందుకు పాకనిచ్చి రోపు బిగిసేదాకా వెళ్లండి. బిగిశాక ఆగి, దిగి, కొక్కేలు సరిగ్గా కూర్చున్నాయా అని ఒకసారి చూసి రండి. తర్వాత మెల్లగా బలం పెంచండి. దిగబడిన బండి డ్రైవరు కూడా అదే సమయంలో చిన్న గేరులో, చక్రం గిర్రున తిరగకుండా సాయం చేయాలి.

నాలుగు గజాలు వెనక్కొచ్చి ఊపుతో కొట్టడం మాత్రం వద్దు. మన దగ్గర జరిగే ప్రమాదాల్లో ఎక్కువ భాగం ఇక్కడే. వైరు రోపు సాగదు. 5 టన్నుల లారీ పరుగు మీద వచ్చి ఆగితే ఆ దెబ్బ లాగుడు బలానికి కొన్ని రెట్లు అవుతుంది, అప్పుడు 14 టన్నుల రోపు కూడా చాలదు.

మీ చక్రాలు జారితే వెంటనే ఆపండి. జారే చక్రం లాగదు, గుంట తవ్వుతుంది. మళ్లీ నాలుగో దశకు వెళ్లి తవ్వండి.

9. రాకపోతే కప్పీ వేయండి

కప్పీని దిగబడిన బండికి తగిలించండి. రోపు ఒక కొస చెట్టుకు, కప్పీలోంచి తిప్పి రెండో కొస మీ లారీకి. ఇప్పుడు మీ లాగుడు రెట్టింపై ఆ బండికి చేరుతుంది, మీరు రెండింతలు దూరం నడవాలి. రెట్టింపు బరువు కప్పీ, దాని షాకిల్, ఆ కొక్కెం మీద పడుతుంది కాబట్టి అన్నింటికంటే గట్టి షాకిల్ అక్కడ పెట్టండి.

చెట్టు ఏది? చింత, వేప. మొదట్లో, నేలకు జానెడు ఎత్తులో బెల్టు చుట్టాలి. మనకు చేరువలో ఎక్కడ చూసినా జామాయిలే ఉంటుంది, తడిసిన నేలలో దాన్ని నమ్మకండి. కరెంటు స్తంభానికి కట్టబోయేవాళ్లు కూడా ఉన్నారు. వద్దు.

10. రోడ్డు మీద ఈడ్చుకెళ్లాలంటే

బయటికి లాగడం వేరు, షెడ్డు దాకా ఈడ్చుకెళ్లడం వేరు. చెడిపోయిన బండిని దగ్గరి షెడ్డుకు తీసుకెళ్లడానికే చట్టం ఒప్పుకుంటుంది. రెండు బండ్ల మధ్య 5 మీటర్లు దాటకూడదు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు. లైసెన్సున్న మనిషి వెనక బండి స్టీరింగు దగ్గర ఉండాలి. వెనక బండికి వెనకవైపు తెల్లటి పలక మీద ‘ఆన్ టో’ అని ఇంగ్లీషులో 75 మిల్లీమీటర్లకు తగ్గని నల్లక్షరాల్లో రాయాలి. రోపు దూరానికి కనపడేలా ఎర్రగుడ్డ కట్టండి. నిజానికి రోడ్డు మీద రోపు కంటే ఇనప టో బారు వెయ్యి రెట్లు నయం, ముందు బండి ఆగితే వెనకది వచ్చి గుద్దదు.

ఇంజన్ ఆగిన బండిలో పవర్ స్టీరింగు బిగుసుకుంటుంది. కొత్త లారీల్లో బ్రేకు గాలి పోగానే వెనక చక్రాలు పట్టేసుకుంటాయి. చక్రాలకు అడ్డు దిమ్మలు పెట్టి, బ్రేకు చాంబరు వెనక ఉండే విడుదల బోల్టు తిప్పి వదిలించాలి. ఆ చాంబరు చుట్టూ ఉన్న బిగింపు పట్టీ జోలికి వెళ్లకండి, లోపల బలమైన స్ప్రింగు నొక్కి ఉంటుంది, ప్రాణం తీస్తుంది. బ్రేకు వదిలితే ఆ బండికి ఇక బ్రేకు లేదు. అప్పుడు టో బారు తప్పనిసరి. కొన్ని కిలోమీటర్లకు మించి వెళ్లాలంటే దాని జాయింటు రాడ్డు విప్పేయండి, లేకపోతే ఆయిలు తిరగక గేరుబాక్సు పట్టేస్తుంది.

16వ నంబరు జాతీయ రహదారి మీద, కావలి దగ్గరో సింగరాయకొండ దగ్గరో బండి ఆగిపోతే మీ మిలిటరీ లారీ తీసుకెళ్లకండి. 1033కి ఫోను చేస్తే హైవే క్రేను వస్తుంది. నూరు మీద వచ్చే బస్సుల మధ్య పాతికలో రోపుతో వెళ్లడం సాహసం అనిపించుకోదు.

11. పని అయ్యాక చూడాల్సినవి

- ఈడ్చుకెళుతుంటే పది కిలోమీటర్లకు ఆగి నాలుగు హబ్బుల దగ్గరా చేయి పెట్టండి. మూడు గోరువెచ్చగా ఉండి ఒకటి చేయి పెట్టనివ్వకపోతే అక్కడ బ్రేకు పట్టేస్తోంది, లేదా బేరింగు పోతోంది.
- పనికి ముందే కమాన్ యు బోల్టుల నట్ల మీద, జాయింటు రాడ్డు నట్ల మీద సుద్దముక్కతో అడ్డంగా గీత గీయండి. పని అయ్యాక గీత రెండుగా విడిపోయి ఉంటే నట్టు తిరిగినట్టే.
- టోయింగు కొక్కెం మెడ దగ్గర బురద కడిగి చూడండి. రంగు వెంట్రుక మందాన చిట్లితే లోపల పగులుంది. అక్కడ వెల్డింగు పెట్టించకండి, మార్చండి.
- నీళ్లలో నడిపి ఉంటే బ్రేకు తేలిగ్గా తొక్కుతూ కొంతదూరం వెళ్లి లైనింగులు ఆరబెట్టండి. మర్నాడు హౌసింగు కింది ప్లగ్గు కొంచెం వదులు చేయండి. ముందు నీళ్లొచ్చినా, ఆయిలు తెల్లగా చిక్కగా కనపడినా అంతా పారబోసి కొత్తది పోయాలి.
- రోపును మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, పాత ఆయిలు గుడ్డతో తుడిచి చుట్టండి. ఉప్పునేల బురద అంటిన రోపును అలాగే వదిలేస్తే వచ్చే కార్తీకానికి లోపల్నుంచి తుప్పుపట్టి ఉంటుంది.